కొండదారి పోస్ట్‌మ్యాన్‌కి మూడు మార్కులు

"నాదీ అదే మాట. ఈ ఏడాది వచ్చిన ఆటల్లోకెల్లా మంచిది కొండదారి పోస్ట్‌మ్యానే," అంది లారస్ మైకులోకి.

నేను హెడ్‌ఫోన్ తీసి మళ్ళీ పెట్టుకున్నాను, లోపం నా చెవుల్లో ఉందేమోనని.

మా ఊరు బాండుంగ్‌లో, బతగోర్ అనే చేప బజ్జీలు అమ్మే ఒక దుకాణం పైన, బయటి చప్పుడు రాకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించిన చిన్న గది మాది. ప్రతి మంగళవారం మధ్యాహ్నం మేమిద్దరం అక్కడ కూర్చుని కొత్త వీడియో గేముల మంచిచెడ్డలు మాట్లాడతాం. అది పాడ్‌కాస్ట్‌గా జనంలోకి వెళుతుంది. ఏడాదిగా జరుగుతున్నది ఒకటే. నేను బాగుందంటే లారస్ బాగాలేదంటుంది. నేను ఆడలేకపోయానంటే తాను రాత్రంతా నిద్ర మానేసి ఆడానంటుంది. వినేవాళ్ళకి మా పోట్లాటంటే ఇష్టం. పోట్లాడేటప్పుడు ఆమె ముక్కు కొన ఎర్రబడుతుంది. నాకు అదంటే ఇష్టం. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమెకు చెబితే దాన్నీ కాదంటుందని భయం.

ఆ రోజు డిసెంబరులో చివరి రికార్డింగు. ఏడాది మొత్తం తిరగేసి, చెరొక ఆటను గొప్పదని ఎంచాలి. నేను కొండదారి పోస్ట్‌మ్యాన్ పేరు చెప్పాను. పక్కనున్న చిమాహిలో ముగ్గురు స్నేహితులు కలిసి చేసిన చిన్న ఆట అది. తేయాకు కొండల్లో ఒక ముసలి పోస్ట్‌మ్యాన్ సైకిలు మీద తిరుగుతూ ఉత్తరాలు పంచుతాడు, అంతే. మే నెలలో నేను దానికి పదికి తొమ్మిది ఇచ్చాను. లారస్ మూడిచ్చింది. "సైకిలు తొక్కాలంటే మా మామయ్య సైకిలుంది, దానికి ఆటెందుకు?" అని కూడా అంది.

"మేలో మూడిచ్చావు కదా," అన్నాను.

"ఇచ్చాను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు పదిస్తున్నాను. ఇవ్వకూడదా?"

"జ్వరమేమైనా వచ్చిందా నీకు?"

"చెయ్యి పెట్టి చూడు."

పెట్టాలా, వద్దా? అది ఎగతాళా, నిజంగానే పెట్టమనా? చెయ్యి సగం దూరం వెళ్ళి గాల్లోనే ఆగిపోయింది.

అంతలో తలుపు తోసుకుని కాంగ్ చెచెప్ వచ్చాడు. పాడ్‌కాస్ట్ ఆయనదే. వయసులో పెద్దవాడని మేమందరం అన్నలా కాంగ్ అని పిలుస్తాం.

"ఆపండి, ఆపండి! ఏంటమ్మా ఇది లారస్? కొత్త దంపతుల్లా ఇద్దరూ ఒకటే మాట చెబితే ఎవడు వింటాడు? మళ్ళీ మొదలుపెట్టు. వీడేదంటే దానికి రివర్స్‌లో చెప్పు, మామూలుగా."

"మామూలుగా అంటే?" అన్నాను నేను.

చెచెప్ లారస్ వైపు చూశాడు. లారస్ మైకు వైపు చూసింది. సరిగ్గా అప్పుడే పైనున్న రేకుల మీద వాన దబదబా మొదలైంది. వాన పడితే రికార్డింగు ఆపాల్సిందే.

"అయ్యో, నా స్కూటర్ తడిసిపోతోంది!" అంటూ చెచెప్ మెట్లు దిగి పారిపోయాడు. స్కూటర్ దుకాణం లోపలే ఉంది. నేను నా కళ్ళతో చూశాను.

"మామూలుగా అంటే ఏంటి లారస్?"

"గిన్, నువ్వు అరవకూడదు మరి."

"నేను అరవట్లేదు."

"అరుస్తున్నావు."

"వాన చప్పుడుకి గట్టిగా మాట్లాడుతున్నాను!"

ఆమె హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "జనవరిలో ఒకసారి మనం నిజంగానే పోట్లాడుకున్నాం, గుర్తుందా? అది అందరికీ తెగ నచ్చింది. అప్పట్నుంచీ నువ్వేం చెబితే దానికి ఎదురు చెప్పమని నాకు చెప్పాడు కాంగ్."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు నటించడం రాదని."

అది నిజమే కాబట్టి నాకు మరింత కోపం వచ్చింది. కానీ దేని మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. పన్నెండు నెలలు! ఇందులో ఏది నిజం, ఏది నాటకం? నేను వేళ్ళు మడవడం మొదలుపెట్టాను.

"మార్చిలో ఆ పెద్ద డ్రాగన్ ఆట?"

"పరమ చెత్త. డ్రాగన్ గోడలో ఇరుక్కుపోయి గింజుకుంటుంటే అద్భుతం అన్నాను. నోరు కడుక్కోవాలనిపించింది."

"నా నీలం జాకెట్ చూస్తే కళ్ళు మండుతున్నాయన్నావు?"

"అది నిజం."

"జులైలో గుర్రాల ఆట?"

ఆమె మొహం వాడిపోయింది. "ఆ ఆట నాకు ప్రాణం గిన్. రెండుసార్లు ఆడి రెండుసార్లూ ఏడ్చాను. నువ్వు దానికి తొమ్మిదిన్నర ఇచ్చి ఆకాశానికెత్తావు. ఇంకేం చెయ్యను, తిట్టాను."

"నాకు ఆ ఆట నచ్చలేదు," అన్నాను.

"ఏంటీ?"

"ఆడుతూ ఆడుతూ నిద్రపోయాను. నీ ఫోన్ మీద గుర్రం బొమ్మ ఉంటుంది కదా. పొగిడితే ఒక్కసారైనా అవునంటావని..."

లారస్ కుర్చీ నా వైపు తిప్పింది. "నాకోసం పొగిడావా?"

"నీకోసమే."

"నువ్వు పొగిడావనే కదా నేను తిట్టింది!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు ఆమె నవ్వింది. తరవాత నాకూ ఆగలేదు. అయినా లోపల గందరగోళం తగ్గలేదు. అసలు ప్రశ్న ఇంకా అడగనేలేదు.

"ఆగస్టులో తాడు ఆట," అన్నాను చివరికి.

అది ఇద్దరాడే ఆట. ఒకరు సముద్రంలోకి దిగితే, ఇంకొకరు పైన తాడు పట్టుకోవాలి. వారం రోజులు ఈ గదిలోనే ఆడాం. చివరి అంకం మిగిలి ఉండగా లారస్ తీరిక లేదంటూ తప్పించుకుంది. ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. మైకు ముందు మాత్రం, "గిన్‌తో ఆడేకన్నా గోడతో ఆడడం నయం," అంది. ఆ మాట విని మా అమ్మ కూడా నవ్వింది. నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

"గోడ మాట అబద్ధం," అంది లారస్.

"మరి చివరిది ఆడడానికి రాలేదెందుకు?"

ఆమె ముక్కు కొన ఎర్రబడింది. పోట్లాట ఏమీ లేదు కదా, ఎందుకు?

"అదీ అయిపోతే మళ్ళీ నీతో ఆడడానికి నాకు ఏం వంక మిగులుతుంది?" అంది, రేకుల వైపు చూస్తూ.

ఏదో ఒకటి అనాలి. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఇది... ఇది కూడా కాంగ్ చెప్పమన్నాడా?" అని.

లారస్ ఒళ్ళోని హెడ్‌ఫోన్‌తో నా భుజం మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే తగిలింది. అంత సుఖమైన దెబ్బ నేనెప్పుడూ తినలేదు.

వాన వెలిసింది. ఆమె మళ్ళీ గంభీరమైపోయింది.

"పోయిన నెల చిమాహి వెళ్ళాను, ఆ పోస్ట్‌మ్యాన్ ఆట చేసిన అసెప్ ఇంటికి. ముగ్గురిలో ఒకతను విసుగొచ్చి మొబైల్ దుకాణంలో చేరిపోయాడట. నన్ను తిడతారనుకున్నాను. అసెప్ నోట్‌బుక్ తెచ్చుకుని, ఎక్కడ నచ్చలేదో చెప్పండి, సరిచేసుకుంటాం అన్నాడు. ఏం చెప్పను గిన్? నచ్చలేదన్నదే అబద్ధమాయె. టీ తాగేసి, ఏమీ చెప్పకుండా వచ్చేశాను."

"అందుకేనా ఇవాళ..."

"ఇవాళ నిజం చెబుతాను. కాంగ్ వద్దంటే మానేసి వెళ్ళిపోతాను. నువ్వు మాత్రం నాకోసం మానెయ్యకు."

చెచెప్ పొడి బట్టలతోనే పైకి వచ్చాడు. మా మొహాలు చూడగానే ఆయనకి విషయం అర్థమైపోయింది.

"ఇలా అయితే వచ్చే ఏడాది మిమ్మల్ని పెట్టుకోలేను," అన్నాడు.

"సరే కాంగ్," అంది లారస్.

"నాకూ సరే," అన్నాను. ఏం చేస్తున్నానో పూర్తిగా తెలియదు. 

ఆయన నిట్టూర్చి, తిట్టుకుంటూనే ఎర్ర బటన్ నొక్కాడు.

ఆ మధ్యాహ్నం మొదటిసారి మేమిద్దరం ఏడాదిని ఉన్నదున్నట్టు చెప్పుకున్నాం. పెద్ద కంపెనీలు సగం ఉడికిన ఆటలు వడ్డించి, మిగతాది తరవాత ఉడికిస్తామన్నాయని నేనన్నాను. మనసుకి పట్టిన ఆటలన్నీ ఇద్దరో ముగ్గురో ఇరుకు గదుల్లో చేసినవేనని లారస్ అంది. తరవాత అసెప్ పేరు చెప్పి, మేలో తానిచ్చిన మూడు మార్కులూ అబద్ధమని, ఆ ఆటలో ముసలాయన చనిపోయినవాళ్ళ పేరున వచ్చిన ఉత్తరాన్ని కూడా గుమ్మంలో జాగ్రత్తగా పెట్టి వెళ్ళేచోట తాను ఆట ఆపేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడిపోయానని చెప్పింది. గుర్రాల ఆట దగ్గర మాత్రం మేం నిజంగానే పోట్లాడుకున్నాం.

కొందరు వినడం మానేశారు. మోసగాళ్ళని రాసినవాళ్ళున్నారు. చెచెప్ వారం రోజులు మాతో ముభావంగా ఉండి, ఆ తరవాత, "జనవరిలో ఎప్పుడొస్తారు?" అని అడిగాడు.

ఆ తరవాతి ఆదివారం నా బైకు మీద ఇద్దరం చిమాహి వెళ్ళాం. దారిలో వాన. ఉన్న ఒక్క రెయిన్‌కోటూ లారస్‌కిచ్చాను. అసెప్ రికార్డింగు విన్నాడట. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లారస్, "క్షమించండి, ఆ రోజే చెప్పాల్సింది," అంది. అతను తల ఊపి, "ఆ బాల్కనీ సంగతి, మొబైల్ దుకాణంలో చేరిన మా వాడికి వినిపించాను. వచ్చే వారం నుంచి మళ్ళీ వస్తానన్నాడు," అన్నాడు. వెంటనే లోపలికెళ్ళిపోయాడు.

వాళ్ళమ్మ ఉడికించిన వేరుశనగలు తెచ్చి మా ముందు పెట్టింది. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఏమ్మా, ఇతను నీకేమవుతాడు?" అని అడిగింది.

లారస్ ఒక కాయ ఒలిచింది. గింజలు నోట్లో వేసుకుంది. తాపీగా నమిలింది. 

"నేను ప్రేమించినవాడు, అమ్మా," అంది.

ఆ తల్లి ముందు నాకేసి, తరవాత ఆమెకేసి చూసి విసుక్కుంది. "అలాంటివాణ్ణి తడిబట్టలతో కూర్చోబెడతారా ఎవరైనా? లోపల మా అబ్బాయి చొక్కాలున్నాయి, వెళ్ళి ఒకటి పట్టుకురా."

లారస్ లేచి చొక్కా తెచ్చింది. ముదురు ఎరుపు రంగు, మీద పచ్చటి చిలకలు. ఈసారి కళ్ళు మండింది నాకు, అయినా తొడుక్కున్నాను.