కాటాలాయన ఆడిన ఒకే ఒక్క అబద్ధం

ఆ ఇంట్లో తెల్లవారేది సూర్యుడితో కాదు, మెట్ల కింద పెట్టిన కాటాతో. పైగదిలోంచి కొడుకు చెప్పుల్లేకుండా దిగి దాని మీద నిలబడగానే "టక్"మని చిన్న చప్పుడయ్యేది. వంటింట్లో తల్లి చేతిలో గరిటె ఆగిపోయేది. తర్వాత బరువు తగ్గిందన్న ఈల వినిపిస్తే పెనం మీద గుడ్లు పగలగొట్టవచ్చు. ఈల లేకుండా "ఆకల్లేదమ్మా, షాపులో తింటాలే" అని వినిపిస్తే, ఆశకొద్దీ ఆమె అప్పటికే పగలగొట్టిన గుడ్లు భర్త పాలయ్యేవి. ఆ రకంగా పోయిన ఏడాది ఆ ఇంట్లో ఒళ్లు చేసింది ఆయనొక్కడే.

కొడుకుది కళ్లద్దాల షాపులో ఉద్యోగం. ఎదుటివాడి కంటిలోని రవ్వంత లోపాన్ని పట్టేయగలడు. అద్దంలో తనను తాను చూసుకునేటప్పుడు మాత్రం ఆ చూపు ఎటు పోయేదో! ఎముకలు తేలిన చోట కూడా కొవ్వే కనిపించేది. తిన్నరోజు దొంగతనం చేసినవాడిలా, తినని రోజు పరీక్ష ప్యాసైనవాడిలా ఉండేవాడు. రెండుసార్లు షాపులోనే కళ్లు తిరిగి పడ్డాడు.

అలాంటివాడు మూడు వారాలుగా రోజూ ఈల వేస్తున్నాడు. రోజూ గుడ్లు తింటున్నాడు. మొన్నయితే రొట్టె ముక్క మీద వెన్న కూడా రాసుకున్నాడు. తల్లి ఆ దృశ్యాన్ని తలుపు చాటు నుంచి చూసి, దిష్టి తగులుతుందేమోనని తన చూపు తానే తిప్పుకుంది.

ఆ రోజు కొడుక్కి సెలవు. అందరూ బల్ల దగ్గర కూర్చున్న వేళకి వీధి తలుపు ధడాలున తెరుచుకుని డ్రైవరు లోపలికొచ్చాడు. సిటీ బస్సు నడిపే ఈ భారీ మనిషే పైగదిలో కొడుకుతో కాపురం చేస్తున్నవాడు. రెండేళ్ల క్రితం కొడుకు చెయ్యి పట్టుకుని మొదటిసారి ఈ గడప తొక్కినప్పుడు "నమస్తే అంకుల్" అన్నాడు. కొడుకు తండ్రి చాలాసేపు గోడ గడియారం వంక చూసి, "అంకులేమిటి, మావయ్యా అను" అన్నాడు. ఆ ఒక్క మాట ఆయన నోట రావడానికి అంతకుముందు నాలుగేళ్లు పట్టింది.

"అత్తయ్యా, నాకు ఘోరమైన అన్యాయం జరిగింది!" అన్నాడు డ్రైవరు కుర్చీలో కూలబడుతూ.

"ఉద్యోగం ఊడిందా?"

"అంతకంటే ఘోరం. డిపోలో డాక్టరు పరీక్ష చేశారు. మన కాటా మీద నాలుగు కిలోలు తగ్గానా లేదా? ఆ సంతోషంలో డిపో అంతటికీ మిఠాయిలు పంచానా? తీరా అక్కడ ఎక్కితే పాత బరువే! గ్రాము కూడా తగ్గలేదు. 'మీ కాటా ఎవరు బాగుచేశారు?' అని అడిగి మరీ నవ్వారు."

"మిఠాయిల్లో నువ్వెన్ని తిన్నావు?"

"అది వేరే సంగతి అత్తయ్యా."

తల్లి నవ్వబోయి ఆగింది. కొడుకు ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. భర్త పేపరు చదువుతున్నాడు గానీ, పేపరు తలకిందులుగా ఉంది.

ఆయన్ని వీధిలో అందరూ కాటాలాయన అంటారు. నలభై ఏళ్లుగా బజారులో ప్రతి షాపు కాటా ఆయన చేతిమీదుగా బాగుపడిందే. సొంత బావమరిది కూరగాయల కాటాలో వంద గ్రాములు తేడా కనిపిస్తే నడిబజారులో నిలదీసిన మనిషి. ఆ బావమరిది తర్వాత మూడేళ్లు అక్క ఇంటి ముఖం చూడలేదు. అలాంటి ఇంట్లో కాటా తప్పు చూపిస్తుందా?

కొడుకు లేచాడు. తండ్రి పనిచేసుకునే గదిలోకి వెళ్లి, కాటాల్ని పరీక్షించే ఇరవై కిలోల ఇనుప రాయిని రెండు చేతులా మోసుకొచ్చాడు. చిన్నప్పుడు తండ్రి నేర్పిన పాఠమే అది: అనుమానమొస్తే రాయి పెట్టి చూడు, రాయి అబద్ధమాడదు.

ఖాళీ కాటా మీద ముల్లు బుద్ధిగా సున్నా దగ్గరే ఉంది. రాయి పెట్టాడు. పంతొమ్మిది దగ్గర ఆగింది.

"సున్నా కదలకుండా లోపలి మీట సర్దారు," అన్నాడు కొడుకు. "బరువు పడితే తప్ప అబద్ధం బయటపడదు. ఇంత పనితనం ఈ ఊళ్లో ఒక్కరికే ఉంది. ఎప్పట్నుంచి నాన్నా?"

కాటాలాయన పేపరు మడిచాడు. "మూడు వారాలు."

"ఎందుకు?"

"తింటావని." ఆయన గొంతు తగ్గింది. "తిన్నావు కదరా!"

"కొట్టువాడెవడైనా ఇలా చేస్తే ఊరుకునేవాడివా?"

"చెయ్యి విరగ్గొట్టేవాణ్ణి."

"మరి నన్నెందుకు మోసం చేశావు? రోజూ పొద్దున్నే నేను నమ్మేది ఆ ముల్లొక్కటే నాన్నా! అది కూడా నాటకమేనా?"

"అసలు ఆ ముల్లుని అంతలా నమ్మడమెందుకురా? నువ్వు ఇంత ఉండాలి, అంత ఉండాలని ఎవడన్నాడు? మేమెప్పుడైనా అన్నామా?"

"మీరేమీ అనలేదు," అన్నాడు కొడుకు. "అసలు మాట్లాడితే కదా!"

పెనం మీద గుడ్లు మాడుతున్నాయి. తల్లి పొయ్యి కట్టేసింది.

"నాకు మగవాళ్లంటేనే ఇష్టమని చెప్పిన రోజున నువ్వు తలుపేసుకున్నావు నాన్నా. నాలుగేళ్లు. అప్పుడు నాకు మిగిలింది మావాళ్లే. నాలాంటివాళ్లే. వాళ్లు నన్ను నవ్వించారు, జ్వరమొస్తే జావ కాచి పోశారు. కానీ అక్కడా గడప ఉంది. పరిచయాల కోసం ఫోన్లో ఫొటో పెడితే ముఖం కన్నా ముందు పొట్ట చూస్తారు. 'లావువాళ్లు పలకరించొద్దు' అని ముందే రాసి పెట్టుకుంటారు కొందరు. పార్టీకెళితే సన్నగా ఉన్నవాడి చుట్టూ పదిమంది, లేనివాడి చుట్టూ కుర్చీలు. ఇంట్లోంచి ఒకసారి గెంటించుకున్నాను. అక్కణ్ణుంచి కూడా గెంటేస్తే ఎక్కడికి పోను? అందుకే తగ్గించాను. తగ్గిస్తూనే ఉన్నాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు."

డ్రైవరు మెల్లగా అందుకున్నాడు. "నిజమే మావయ్యా. నేను మొదటిసారి అలాంటి పార్టీకెళితే ఒకడు, 'నువ్వు బస్సు నడుపుతావా, నువ్వే బస్సువా' అనడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఆకలేసింది, నేను ఓడిపోయాను. వీడు ఇంకా గెలుస్తూనే ఉన్నాడు. అదే నా భయం."

కాటాలాయన లేచి వచ్చి, కాటా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇనుప రాయిని దింపి పక్కన పెట్టాడు. చాలాసేపు ఆ ముల్లునే చూశాడు.

"నలభై ఏళ్లు కొట్టువాళ్ల కాటాలు సరిచేశాను," అన్నాడు చివరికి. "నా ఇంట్లో నేనే తప్పుగా తూచాను. అది మూడు వారాల కిందట కాదురా. ఆ నాలుగేళ్లూ."

"తలుపు మీరేశారు, గడియ నేను పెట్టాను," అంది తల్లి. "నిందంతా మీరొక్కరే మొయ్యక్కర్లేదు. అసలే ఒళ్లు చేశారు."

కన్నీళ్ల మధ్యే డ్రైవరుకి నవ్వొచ్చింది. తల్లి కొంగుతో ముక్కు తుడుచుకుని కొడుకు ఎదుట నిలబడింది.

"ఇలా చూడు. మూడు వారాలూ నీ బట్టలు ఉతికింది నేను, ఇస్త్రీ చేసింది నేను. అవే చొక్కాలు, అవే గుండీలు. బెల్టుకి అదే చిల్లు. నీ ఒళ్లు పిసరంత కూడా తగ్గలేదు. అయినా హాయిగా ఉన్నావు. ఈల వేశావు, వీడితో సినిమాకెళ్లావు, వెన్న తిన్నావు. ఆ హాయి ఒళ్లు తగ్గితే వచ్చిందా? మరెక్కణ్ణుంచి వచ్చిందిరా?"

కొడుకు కింది మెట్టు మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. కాటాలాయన పక్కనే కూర్చున్నాడు. ఓదార్చడం ఆయనకి అలవాటు లేదు. అందుకని కొడుకు వీపు మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచాడు.

కాసేపటికి డ్రైవరు జేబులోంచి నలిగిన చీటీ తీశాడు. "ఆ తిండి జబ్బుల డాక్టరమ్మ దగ్గర మళ్లీ టైము అడగనా? మూడుసార్లు ఎగ్గొట్టావు. నాలుగోసారి బస్సేసుకొచ్చి మరీ తీసుకెళతాను."

"అడుగు," అన్నాడు కొడుకు, తలెత్తకుండానే.

వెళ్లాడు. తర్వాత కూడా వారం వారం వెళుతున్నాడు. మొదటిసారి తోడెళ్లిన కాటాలాయన తిరిగొచ్చి భార్యతో వాపోయాడు. "ఆవిడేం డాక్టరే! వాణ్ణి ముల్లుకి వీపు తిప్పి నిలబెట్టి తూచింది. ఎంతో వాడికి చెప్పదట! నా సర్వీసులో అలాంటి తూకం చూళ్లేదు." అన్నాడే గానీ, ఆ సాయంత్రమే స్క్రూడ్రైవరు తెచ్చి, మెట్ల కింది కాటా అద్దం తీసి, ముల్లు ఊడబెరికి డబ్బాలో వేశాడు.

ఇప్పుడు పొద్దున్నే "టక్"మనే చప్పుడు వినిపిస్తే అది డ్రైవరే.

"మావయ్యా, ఎంతున్నాను?"

కాటాలాయన కళ్లద్దాలు సవరించుకుని, ముల్లు లేని అంకెల వైపు వంగి, వృత్తి ధర్మం తప్పకుండా పరిశీలిస్తాడు. "ఉండాల్సినంత ఉన్నావు. దిగు."

కొడుకు మెట్ల మీద నుంచి అది చూసి నవ్వుకుంటాడు. కొన్ని రోజులు ఈల ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. ఈలని నమ్ముకోవడం తల్లి కూడా మానేసింది. "ఒకటా, రెండా?" అని నేరుగానే అడిగి, గుడ్లు చేతిలో పట్టుకుని నిలబడుతుంది. జవాబు ఒక్కోసారి వెంటనే వస్తుంది, ఒక్కోసారి చాలాసేపు పడుతుంది. కానీ వస్తుంది.

బజారులో ఎవరో అడిగారట, మీ ఇంట్లో కాటా చెడిపోయిందటగా, మీరే బాగుచేసుకోలేదా అని.

నలభై ఏళ్లలో ఆయన కావాలని బాగుచేయకుండా వదిలేసిన కాటా అదొక్కటే.