ఐదో నంబరు బాయి

"మీ బాయిల నీళ్ళు మంచిగుంటయా?"

అనసూర్య అడిగిన మొదటి మాట అది. గట్టయ్య తలెత్తి చూశాడు. సంబంధం చూడటానికి వచ్చిన మనిషి తాగుడుందా అని అడుగుతుంది, ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతుంది. బాయిలో నీళ్ళ సంగతి ఇంతవరకు మేనేజరు తప్ప ఎవరూ అడగలేదు.

డెబ్బై రెండు ఎండాకాలం. గోదావరిఖనిలో గట్టయ్య క్వార్టరు అరుగు మీద ఇద్దరూ చెరో కొసకు కూర్చున్నారు. ఆమె తల్లి లస్మవ్వ లోపల పొయ్యి, గూళ్ళు చూస్తోంది. సంబంధం కుదిర్చిన కొమురెల్లి సోడాలకు పోయాడు. కొమురెల్లి లస్మవ్వకు తమ్ముడు. పన్నెండేళ్ళుగా ఇక్కడి కంపెనీ దవాఖానలో పని.

ఇద్దరికీ ఇది మారుమనువే. గట్టయ్య భార్య జ్వరంతో పోయి నాలుగేళ్ళయింది. అనసూర్య మొగుడు పెళ్ళయిన ఏడాదికే మగ్గాల పనికని భీవండి పోయి, అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టాడు. పెద్దమనుషులు కూర్చుని విడిపించారు.

"నీళ్ళకేం తక్కువ లేదు," అన్నాడు గట్టయ్య. "ఎండాకాలం గూడ ఊరుతనే ఉంటయి."

"గీ కరువుల గూడనా?"

"వదిలేస్తె నడుముల దాంక వస్తయి. రాత్రింబగళ్ళు పంపు నడవాల్సిందే."

ఆమె కాస్త ఇటు జరిగింది. "ఎన్ని గజాల లోతు?"

"రెండు వందలుంటది."

"గప్పాలు కొట్టకు. మాది పదహారు గజాలకే బండ తగిలింది." కొంగు చాటున నవ్వు దాచుకుంది. "ఒక్కటే బాయా?"

"ఐదున్నయి. నేను చేసేది ఐదో నంబరుల."

ఐదు బావులున్న మనిషి ఇంత చిన్న ఇంట్లో ఉంటున్నాడే అని ఆమె ముఖంలో ఆశ్చర్యం కనిపించింది. దిగుబడి ఎట్లుంటుందని అడిగింది. బాగానే ఉందని, పోయిన నెల మేనేజరు కూడా మెచ్చుకున్నాడని గట్టయ్య చెప్పాడు.

"మేనేజరెవలు? మీ పెద్ద జీతగాడా?"

గట్టయ్య నవ్వాడు. భార్య పోయాక అతను నవ్వడం అదే మొదలు. మేనేజర్ని జీతగాడన్న పిల్ల తెలివిగలదే అనుకున్నాడు.

"అయితే, నీళ్ళు తోడేది నువ్వేనా?"

"కాదు. నేను బొగ్గు నింపుత."

"బొగ్గేంది?"

"బాయిల బొగ్గు గాక ఏముంటది?"

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. లేచి నిలబడి తల్లిని పిలిచింది.

కొమురెల్లి రాసిన కార్డును ఊళ్ళో పంతులు చదివి వినిపించాడు. పిల్లగాడు మంచివాడు, తాగుడు లేదు, బాయిల పని అని ఉంది అందులో. వేములవాడ అవతలి పల్లెలో బాయి అంటే మోట తోలేది, కింద వరి పండేది. రెండేళ్ళుగా చుక్క నీరు లేని బావి పక్కన బతుకుతున్న తల్లీకూతుళ్ళు ఆ మాట విని బస్సెక్కారు.

అప్పుడే సోడాసీసాలతో వచ్చిన కొమురెల్లికి ఏం జరిగిందో అర్థం కాలేదు. "బాయి అనే కదనే రాసిన," అన్నాడు. అతను అబద్ధమాడలేదు. ఈ ఊళ్ళో గనిని అందరూ బాయి అనే అంటారు. పన్నెండేళ్ళు ఇక్కడి గాలి పీల్చాక ఆ మాటకు ఇంకో అర్థముందన్న సంగతే అతను మరిచిపోయాడు.

"మొగడు భీవండి పోయేటప్పుడు నాకు చెప్పలె. ఇప్పుడు బొగ్గుబాయిని నీళ్ళబాయని చెప్పిండ్రు," అంది అనసూర్య. "నన్ను ఎన్నిసార్లు ముంచుతరు?"

గట్టయ్యకు రోషం వచ్చింది. "నీకు మనిషి గావాల్నా, నీళ్ళు గావాల్నా?"

"నిజం గావాలె."

సోడాలు ఎవరూ తాగలేదు. వాళ్ళు మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయారు.

గట్టయ్యకు కోపమొస్తే దిగేది కాదు. భార్య పోయిన మూడోనాడు రేడియో పెట్టినందుకు పక్కింటివాళ్ళతో నాలుగేళ్ళుగా మాటల్లేవు. దినాలకు రాని బావమరుదుల పేరు ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు. ఇప్పుడు కొమురెల్లి వంతు వచ్చింది. దవాఖానలో భార్య ఆఖరి రాత్రి తన పక్కన కూర్చున్న ఒకే ఒక్క మనిషి కొమురెల్లి. అతన్ని అన్నా అని పిలిచేవాడు. ఆ పిలుపు కూడా ఆపేశాడు. ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాడు.

కానీ ఆమె అడిగిన ఒక ప్రశ్న మాత్రం చెవిలో ఉండిపోయింది. నీళ్ళు తోడేది నువ్వేనా?

పంపు డ్యూటీ తీసుకొమ్మని పైవాళ్ళు అతన్ని అప్పటికి రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ వద్దన్నాడు. బొగ్గు నింపితే ఒళ్ళు హూనమై ఇంటికి రాగానే నిద్రపడుతుంది. పంపు దగ్గర ఒక్కడే కూర్చోవాలి. కూర్చుంటే ఆలోచనలు వస్తాయి. ఆ ఆలోచనలంటే అతనికి భయం. మూడోసారి ఎవరూ అడగలేదు. తనే వెళ్ళి అడిగాడు. మొదటి వారం నరకంలా గడిచింది. రెండో వారం పంపు చప్పుడులో తేడా పట్టడం వచ్చింది. నెల తిరిగేసరికి ఆ చీకట్లో కూర్చుని చనిపోయిన మనిషిని తలుచుకున్నా భయం వేయడం లేదని గమనించాడు.

ఆ ఏడు శ్రావణమొచ్చినా వాన లేదు. కొమురెల్లి భార్య సారవ్వ కాన్పయితే, చేదోడుకని అనసూర్య వచ్చింది. కొమురెల్లి క్వార్టరు గట్టయ్య ఇంటికి నాలుగిళ్ళ అవతల. ఇద్దరూ వారం రోజులు ఒకరినొకరు చూడనట్టే చూసుకున్నారు. ఆమె బిందెతో వస్తుంటే అతను చెప్పు తెగినట్టు వంగేవాడు. అతను డ్యూటీకి పోతుంటే ఆమెకు సరిగ్గా అప్పుడే వాకిలి ఊడ్చే పని పడేది.

క్వార్టర్ల వెనక గని నీళ్ళు పారే కాలువ ఉంది. ఒక పొద్దున గట్టయ్య డ్యూటీ దిగి వస్తుంటే, కాలువ గట్టున మడి కట్టి ఆమె తోటకూర విత్తనం చల్లుతోంది.

"మట్టి మంచిది కాదు," అన్నాడు నిలబడి.

"నీళ్ళు మంచియే. నాకు గది చాలు."

"ఇప్పుడు నీళ్ళు తోడేది నేనే."

ఆమె చేతిలో విత్తనం ఆగింది. తల ఎత్తలేదు. చెవులకున్న గెంటీలు మాత్రం కదిలాయి. నవ్వుతోందని అతనికి తెలిసింది.

తర్వాత రోజూ ఆమె అడిగేది, అతను చెప్పేవాడు. కప్పు కూలితే ఏమవుతుంది, పైకి రానివాళ్ళు ఎందరు, దగ్గు ఎప్పుడు మొదలవుతుంది, చనిపోయినామె ఎట్లుండేది. ఒక్క ప్రశ్న కూడా అతను దాటవేయలేదు. తీపి చేసి చెప్పలేదు. తోటకూర రెండాకులేసింది. ఆమె గనిని బాయి అనడం మొదలుపెట్టింది. అది ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

ఒకనాడు ధైర్యం చేసి, మళ్ళా సోడాలు తెప్పించుమంటవా అని అడిగాడు.

ఆమె కాలువలో చేతులు కడుక్కుని గట్టు మీద కూర్చుంది.

"బాయికి భయపడ. నీకే భయపడుతున్న," అంది. "మా మామ మూడు నెలల సంది నీ ఎదురుంగ పోతుంటె తల తిప్పుకుంటవు. ఆయన ఇంటికొచ్చి అన్నం సయించక లేస్తున్నడు. రేపు నేను పప్పుల ఉప్పెక్కువేస్తె నాలుగేండ్లు మాట్లాడవా?"

"గది వేరు, ఇది వేరు."

"ఒక్కటే. నాతోని మాట్లాడకుండ పోయినోన్ని ఒకన్ని చూసిన. ఇంట్లనే ఉండి మాట్లాడనోడు నాకొద్దు." లేచి చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. "ఆదివారం అవ్వ వస్తది. అప్పటి దాంక చూస్త. లేకుంటె ఆమెతోని ఊరికి పోత."

గట్టయ్య మూడు రోజులు పంపు దగ్గర కూర్చుని ఆలోచించాడు. కోపం తప్ప తన దగ్గర ఇంకేం మిగిలిందని వెతికాడు. కొమురెల్లి తప్పేమిటని కూడా వెతికాడు. ఎంత వెతికినా బాయి అన్న ఒక్క మాట తప్ప దొరకలేదు. ఆ ఒక్క మాటే లేకపోతే ఏమయ్యేదో అతనికి ఒక్కసారిగా తట్టింది. షిఫ్టు అయ్యేదాకా కూర్చోవడం కష్టమైంది.

ఆదివారం పొద్దున్నే గట్టయ్య వెళ్ళి కొమురెల్లి ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు. తల స్నానం చేశాడు, ఉతికిన అంగీ తొడిగాడు. లోపల, ముందు రాత్రే బస్సు దిగిన లస్మవ్వ మేనల్లుణ్ణి ఒళ్ళో వేసుకుని నూనె రాస్తోంది. అరుగు మీద కొమురెల్లి గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో గట్టయ్యను చూసి కత్తి పక్కన పెట్టాడు. సగం ముఖానికి సబ్బు నురగ అట్లాగే ఉంది.

గట్టయ్య చెప్పులు విడిచాడు.

"ఏందిర?" అన్నాడు కొమురెల్లి మెల్లగా.

"మామా," అన్నాడు గట్టయ్య.

కొమురెల్లి అర్థం కానట్టు చూశాడు. "నేను నీకు అన్ననుర. మామనెప్పుడైన?"

"ఇయ్యాల్టి సంది." గట్టయ్య గొంతు సవరించుకున్నాడు. "నువ్వు కార్డుల గని అని సక్కగ రాస్తె వాళ్ళు బస్సెక్కకపోదురు. నేను ఇంక బొగ్గు నింపుకుంటనే ఉందును. నువ్వు రాసిన మాటకు దండం పెడుత. మూడు నెలలు నీకు బాకీ పడ్డ మాటలున్నయి. ఒక్కొక్కటి మాట్లాడుత."

కొమురెల్లి నురగతోనే ముఖం తుడుచుకున్నాడు. కళ్ళలో సబ్బు పడ్డదని సారవ్వను నీళ్ళడిగాడు. సారవ్వకు బదులు అనసూర్య చెంబుతో గడప దాకా వచ్చింది. గట్టయ్య వైపు చూడలేదు. పేరు పెట్టి పిలవలేదు, నువ్వు అనలేదు.

"మామా," అంది కొమురెల్లితో, "ఆయన్ని లోపలికి రమ్మను. ఎండల నిలబడ్డడు."