కామెంటులో కూర్చున్న పిళ్లయార్

ప్లస్ టూ పాసైతే పిళ్లయార్‌కు, అంటే మా వీధి వినాయకుడికి, ఒక టెంకాయ కొడతానని మొక్కుకున్నాను. పాసయ్యాను, కొట్టలేదు. ఇంత లోకాన్ని చూసుకునే స్వామి నా ఒక్క టెంకాయను గుర్తుపెట్టుకుంటాడా? ఏళ్లుగా ఇదే సందేహం. ఏ పని చెడినా మళ్లీ తలెత్తుతుంది.

ఆ వారమూ తలెత్తింది. పీలమేడులో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి మధురై నుంచి సాఫ్ట్‌వేర్ పెట్టడానికి సుజిత వచ్చింది. పాత పుస్తకాలు, పాటల రికార్డింగులు భద్రపరిచే ఓపెన్ సోర్స్ రిపాజిటరీ సాఫ్ట్‌వేర్‌ను ఆమె ముందు నా లాప్‌టాప్‌లో నడిపి ప్రిన్సిపాల్‌కు చూపించాలి. శుక్రవారానికి నడవకపోతే ప్రిన్సిపాల్ వేరేది కొంటారు. సుజిత మధురై బస్సెక్కుతుంది.

మొదటిరోజు తమిళంలోనే పోట్లాడుకున్నాం. నా ఫైలు ముట్టుకోకండని ఆమె, లాప్‌టాప్ నాదని నేను. రెండోరోజు తెరనిండా ఎర్రర్లు చూసి ఆమె నెత్తి కొట్టుకుంది.

"ఏం కర్మమిది! నిన్న బాగానే ఉండె కదా, సనియనే!"

శనీ అన్న చివరి తిట్టు తప్ప అంతా తెలుగే! నేను ఉలిక్కిపడ్డాను. "మీ ఇంట్లో తెలుగా?"

"అవును. చదివేదానికి రాదు, తిట్టేదానికి బాగా వస్తుంది."

"మాకూ అంతే!"

ఆ తర్వాత పోట్లాట తెలుగులోకి మారింది. ఎందుకో తియ్యగా ఉంది.

శుక్రవారం బయట వాన. డేటాబేస్ లేచింది, సెర్చ్ లేచింది. సర్వర్ మాత్రం లేవలేదు.

"సెట్టింగ్స్ ఫైల్లో మొదటి లైనే అర్థం కాలేదంటా ఉండాది," అంటూ సుజిత ఫైలు తెరిచింది. "ఇదేందండీ?"

పిళ్లయార్ చుళి. ఏది రాసినా మా ఇళ్లలో ముందుగా పైన పెట్టే వినాయకుడి గుర్తు. ముఖ్యమైన రోజు కదా అని పొద్దున నేనే పెట్టాను.

"మంచికే పెడితిని... తుడిపెయ్యండి," అన్నాను.

ఆమె తుడపలేదు. దాని ముందు ఒక హాష్ గుర్తు (#) పెట్టింది.

"ఇప్పుడిది కామెంటు. మెషిన్ దీన్ని దాటి పోతుంది. సామి ఉండే చోటే ఉంటాడు."

సర్వర్ లేచింది! మా అవ్వ పాపమ్మాళ్ పాడిన లాలిపాట రికార్డింగును ఎక్కించి, వెతికి, నొక్కాం. లైబ్రరీ అంతా అవ్వ గొంతు. చూడటానికి వచ్చిన ప్రిన్సిపాల్ నిలబడే విన్నారు. "ఇదే పెట్టండి. సుజితా, నువ్వు ఇక్కడే ఉండు," అన్నారు.

ఆ సంతోషంలో నా టెంకాయ సంగతి చెప్పేశాను.

"ఇన్నేండ్లు బాకీనా! అందుకే అన్ని ఎర్రర్లు."

"నిజంగానా?"

"నాకేం తెలుసు? కొట్టి చూడండి. రెండు కొనండి, నాదీ ఒకటుండాది."

"మీదేం మొక్కు?"

"బస్సెక్కకూడదని." వానవైపు తిరిగింది. "ఎందుకో మీరే కనుక్కోండి."

"కనుక్కుంటిని. మధురైలో మీ ఇంటికి మా అమ్మను పిలుచుకొని వస్తాను."

"వచ్చేటప్పుడు ఫైల్లేమీ ముట్టుకోకండి."

వీధి మలుపులో పిళ్లయార్ ముందు ఒకే గొడుగు కింద నిలబడ్డాం. నా పాత బాకీ టెంకాయ ఒక్క దెబ్బకే చెల్లాచెదురైంది.