ఆ గట్టు పిల్ల

“మా చెల్లి పల్లెటూరి నుంచి వచ్చిందండీ. రాజమండ్రి చూడ్డం ఇదే మొదలు.”

పొద్దుటి నుంచి శ్యాంబాబు ఈ మాట అనడం ఇది నాలుగోసారి. ఈసారి రోజ్‌మిల్క్ కొట్టు ఆయనతో అన్నాడు.

“అలాగా. తాగమ్మా, తాగు. మీ ఊళ్లో దొరకదుగా,” అని కొట్టు ఆయన గులాబీరంగు సీసా క్రిస్టినా చేతికిచ్చాడు.

క్రిస్టినాకి ఒళ్లు మండిపోయింది. రోజ్‌మిల్క్ మాత్రం చల్లగా, కమ్మగా గొంతులోకి జారిపోయింది. అయినా సరే, బాగుందని చచ్చినా చెప్పకూడదనుకుంది.

“ఎలా ఉంది?” అన్నాడు శ్యాంబాబు.

“ఉంది,” అంది క్రిస్టినా.

క్రిస్టినాది రేవుపాలెం. గోదావరికి పడమటి గట్టున ఉంటుంది ఆ ఊరు. తూర్పు గట్టున రాజమండ్రి. అంటే పుట్టిన దగ్గర్నుంచీ, పదేళ్లుగా, ఆ పిల్ల రోజూ రాజమండ్రిని చూస్తూనే ఉంది. సాయంత్రమైతే నీళ్లకి అవతల దీపాలు వరసగా వెలిగేవి. “అదిగో, అది పుష్కరాల రేవు. దానికి ఎడమపక్క కోటిలింగాల రేవు. కుడిపక్క పాత రైలు వంతెన,” అని నాన్న వేలుపెట్టి చూపించేవాడు. ఊరంతా ఆమెకి కంఠతా వచ్చేసింది. అందులో కాలు పెట్టడమే ఈ దసరా సెలవుల దాకా కుదరలేదు.

తెలిసిన ఊరికే వస్తున్నానని దర్జాగా బస్సు దిగింది. ఆ దర్జాని పెద్దమ్మ కొడుకు శ్యాంబాబు ఒక్క పూటలో గోదావరిలో కలిపేశాడు. వాడు క్రిస్టినా కంటే రెండేళ్లే పెద్ద. చదివేది ఏడో తరగతి. పోజు మాత్రం ఊరంతా వాడే కట్టించినట్టు ఉంటుంది.

దేవీచౌక్‌లో చెప్పుల కొట్టు దగ్గర చెప్పాడు. మెయిన్ రోడ్డులో గాజుల కొట్టు ఆవిడకి చెప్పాడు. కంబాలచెరువు దగ్గర, పోతున్న మనిషిని ఆపి మరీ చెప్పాడు. విన్నవాళ్లందరూ ఒకటే నవ్వు. పల్లెటూరి నుంచి రావడంలో నవ్వడానికి ఏముందో వాళ్లకే తెలియాలి.

‘నాకు ఊరు చూపించమని పెద్దమ్మ పంపిస్తే, వీడు ఊరికి నన్ను చూపిస్తున్నాడు,’ అనుకుని క్రిస్టినా పళ్లు నూరింది.

అప్పుడే ఒక నిర్ణయం కూడా చేసుకుంది. ఇక ఈ ఊళ్లో ఎవరినీ, ఏదీ అడగకూడదు. అడిగితేనే కదా పల్లెటూరిదని తెలిసేది.

అనుకున్నంత తేలిక కాలేదు ఆ పని. అడగాల్సినవి అడుగడుగునా ఉన్నాయి. గోదావరి గట్టు మీద ముంత కింద పప్పు బండి కనిపించినప్పుడైతే నాలుక దురద పెట్టింది. బండి మీద శనగపప్పు, అటుకులు, మరమరాలు కుప్పగా పోసి ఉన్నాయి. ఆ కుప్ప నెత్తిన చిన్న మట్టి ముంత. ముంతలో నిప్పులు. నిప్పు ఎక్కడైనా కింద ఉంటుంది గానీ పైన ఉంటుందా? ఎందుకు పెట్టారు అలా? క్రిస్టినా నాలుక కరుచుకుని బండి దాటేసింది.

పుష్కరాల రేవు చేరేసరికి పదకొండు అయింది. “ఇక్కడే ఉండు, కదలకు. తప్పిపోతావు,” అని చెప్పి శ్యాంబాబు కుళాయి దగ్గరికి మొహం కడుక్కోవడానికి వెళ్లాడు.

తప్పిపోతుందట. పాలు తాగే పిల్ల మరి. క్రిస్టినా చేతులు కట్టుకుని, మూతి బిగించుకుని గోదావరి వైపు తిరిగి నిలబడింది.

“అమ్మాయ్, కోటిలింగాల రేవుకి ఎటెల్లాలమ్మా?”

వెనక్కి తిరిగితే ఒక ముసలావిడ. నేత చీర కట్టుకుంది. కాళ్లకి చెప్పుల్లేవు. గుడ్డసంచిని రెండు చేతులా పొట్టకి అదుముకుని ఉంది. మొహమంతా చెమట.

“ఇయ్యాల మా ఆయన సంవత్సరీకం. మా అబ్బాయి పొద్దున్నే రేవుకి ఒచ్చేశాడు. నేను కూతురి ఊరి నుంచి రైల్లో ఒచ్చాను. అది కాస్తా లేటయిపోయింది. పిండాలకి బియ్యం నా దగ్గరే ఉన్నాయి. పన్నెండు దాటితే పంతులుగారు ఇంకో చోటికి ఎల్లిపోతారంట,” అందావిడ ఆయాసపడుతూ.

క్రిస్టినాకి ప్రాణం లేచివచ్చింది. ఇంతమందిలో ఈవిడ తననే అడిగింది. అంటే రాజమండ్రి పిల్లే అనుకుంది. పైగా అడిగిందేమైనా తెలియనిదా? నాన్న వందసార్లు చూపించిందే. పుష్కరాల రేవుకి ఎడమపక్క కోటిలింగాల రేవు.

గోదావరికి ఎదురుగా నిలబడి, శ్యాంబాబు పోజంతా తెచ్చిపెట్టుకుని ఎడమ చెయ్యి చాపింది. “ఇలా తిన్నగా వెళ్లిపోండి. గట్టు వదలకండి.”

“ఈ ఊరి పిల్లవేనా అమ్మా?”

“ఆయ్. ఈ ఊరేనండి,” అంది క్రిస్టినా.

“చల్లగా ఉండు తల్లీ,” అని ఆవిడ సంచి సర్దుకుని ఎడమ వైపుగా గబగబా నడిచింది.

శ్యాంబాబు తిరిగి వచ్చాడు. ఇద్దరూ రేవు మెట్ల మీద కూర్చున్నారు. క్రిస్టినా కోపం సగం దిగిపోయింది. రెండు మూడు మెట్ల కింద నీళ్లు నిండుగా పోతున్నాయి. గుర్రపుడెక్క గుంపు ఒకటి తేలుతూ వచ్చింది. కుడిపక్క నుంచి వచ్చి, వాళ్ల ముందు నుంచి ఎడమపక్కకి పోయింది.

క్రిస్టినా కళ్లు నులుముకుంది. వాళ్ల ఊరి రేవులో కూర్చుంటే గుర్రపుడెక్క అయినా, కొబ్బరి డొక్క అయినా ఎడమ నుంచి కుడికే పోతుంది. పుట్టి బుద్ధెరిగాక ఇంకోలా పోగా చూడలేదు.

“గోదావరి వెనక్కి పోతోందేంటి?” అనేసింది. పెట్టుకున్న నియమం కూడా గుర్తు రాలేదు.

శ్యాంబాబు మెట్టు మీద పడి దొర్లాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. “వెనక్కి పోవడమేంటే. మీ ఊళ్లో నువ్వు ఆ గట్టున కూర్చుని ఇటు చూస్తావు. ఇప్పుడు ఈ గట్టున కూర్చుని అటు చూస్తున్నావు. మీకు ఎడమైంది మాకు కుడి.”

చెడామడా నాలుగు మాటలు అనేద్దామని క్రిస్టినా నోరు తెరిచింది. అంతలో ముసలావిడకి తను చాపిన ఎడమ చెయ్యి గుర్తొచ్చింది.

“అన్నయ్యా, కోటిలింగాల రేవు ఎటుంది?”

“కుడిపక్క. ఎందుకు?”

జరిగిందంతా చెప్పింది. శ్యాంబాబు నవ్వు ఆగిపోయింది. చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండుంపావు.

“తెలీదని చెప్పొచ్చు కదా?” అన్నాడు.

“ఎలా చెప్తాను? చెప్తే మీరంతా నవ్వరూ?” క్రిస్టినా కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. “పొద్దుట్నుంచి వీధి వీధికీ టముకు వేశావు. పల్లెటూరిది, పల్లెటూరిది అని. నేనేమైనా దొంగతనం చేశానా?”

శ్యాంబాబు తల దించుకున్నాడు. కాసేపు చెప్పుతో మెట్టు గీకి లేచాడు.

“నేను పరిగెత్తుకెళ్లి పంతులుగారిని ఆపుతాను. నువ్వు ఆవిణ్ణి వెతికి తీసుకొచ్చెయ్.”

“నాకు దారి తెలీదు.”

“నాకు మాత్రం ఆవిడ మొహం తెలుసా?” అంటూనే వాడు కుడివైపు పరుగు తీశాడు.

క్రిస్టినా ఎడమవైపు పరిగెత్తింది. పాత రైలు వంతెన దాటాక, బట్టలు ఉతికే చోట ఒక రాయి మీద కూర్చుని ఉంది ముసలావిడ. అరికాళ్లు ఎర్రగా కందిపోయాయి. దారి తప్పు అని బట్టలు ఉతికేవాళ్లు అప్పటికే చెప్పినట్టున్నారు. క్రిస్టినాని చూడగానే లేచింది.

“ఈ ఊరి పిల్లనన్నావు కదే. ఇదేనా మీ ఊళ్లో కోటిలింగాల రేవు? తెలీకపోతే తెలీదని చెప్పకూడదా? నోట్లో ముత్యాలు రాలిపోతాయా? మా ఆయన ఆఖరుసారి ఊడ్పించిన చేలో బియ్యం ఇవి. ఏడాది నుంచి పురుగు పట్టకుండా దాచుకున్నాను. ఎవరి కోసం దాచానే?”

తప్పు శ్యామన్నయ్యది అందామనుకుంది క్రిస్టినా. గోదావరిది అందామనుకుంది. ఆ కందిపోయిన కాళ్లు చూశాక ఆ రెండు మాటలూ నోట్లోంచి రాలేదు.

“నేను ఈ ఊరి పిల్లని కాదండీ. అబద్ధం చెప్పాను. ఆ గట్టు నుంచి వచ్చాను. మా గట్టు నుంచి చూస్తే ఎడమపక్కే ఉంటుందండీ. పదండి, నేను తీసుకెళ్తాను.”

“బాగుంది. నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇద్దరం కలిసి ధవళేశ్వరం చేరతాం.”

“అడుగుదామండీ,” అంది క్రిస్టినా. సంచి తన భుజానికి వేసుకుంది.

వెనక్కి వచ్చేసరికి పుష్కరాల రేవు దాటిన చోట గట్టు రోడ్డు తవ్వేసి ఉంది. పైపులు వేస్తున్నారు. సందుల్లోంచి పోవాల్సిందే. మొదటి సందు మొగలో ఇస్త్రీ బండి ఉంది. క్రిస్టినా ఆగింది. ముసలావిడ కాళ్ల వైపు ఒకసారి చూసి, గట్టిగా ఊపిరి తీసుకుంది.

“ఏవండీ, నేను పల్లెటూరి నుంచి వచ్చానండీ. రాజమండ్రి చూడ్డం ఇదే మొదలు. కోటిలింగాల రేవుకి ఎటెళ్లాలండీ?”

ఇస్త్రీ ఆయన నవ్వుతాడేమోనని చూసింది. ఆయన నవ్వలేదు. పెట్టె పక్కన పెట్టి, బండి ఇవతలికి వచ్చి చూపించాడు. “రెండు సందులు దాటాక మళ్లీ ఎవర్నైనా అడుగమ్మా. అక్కడ తికమక పడతారు.”

రెండు సందుల తర్వాత పూలమ్మే ఆవిణ్ణి అడిగింది. ఆవిడా నవ్వలేదు. మూడోసారి ఖాళీ రిక్షా తొక్కుకుంటూ పోతున్న తాతని అడిగింది. అప్పటికి ఆ మాట ఎక్కంలా గడగడా వచ్చేసింది.

“ఎక్కండి, అటే పోతున్నాను,” అన్నాడు తాత. “నేనూ ఎక్కణ్ణుంచో ఒచ్చినోణ్ణేనమ్మా. మొదట్లో ఈ ఊళ్లో తాడితోట సెంటర్ దొరక్క పొద్దంతా తిరిగాను.”

రిక్షా సగం దారి పోయాక ముసలావిడ, “నా పేరు లోవమ్మ. నీ పేరేంటే?” అంది.

“క్రిస్టినా అండీ.”

“నా కోపం ఇంకా పోలేదు క్రిస్టినా,” అంది లోవమ్మ. క్రిస్టినా తలూపింది.

కోటిలింగాల రేవులో దిగేసరికి పన్నెండుకి ఐదు నిమిషాలే ఉంది. మెట్ల దగ్గర పెద్ద గొడవ జరుగుతోంది.

“ఎవరయ్యా ఈ కుర్రాడు? నా గొడుగు ఇవ్వడేం?” అని పంతులుగారు మండిపడుతున్నారు. శ్యాంబాబు గొడుగుని రెండు చేతులా కరుచుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఈ ఎండలో గొడుగు లేకుండా ఆయన కదలరని వాడికి అర్థమైపోయింది.

లోవమ్మ కొడుకు పరిగెత్తుకొచ్చి సంచి అందుకున్నాడు. పంతులుగారు గొణుగుతూనే పీట మీద కూర్చున్నారు. పిల్లలిద్దరూ పై మెట్టు మీదికి వెళ్లి నిలబడ్డారు. నీళ్లలోకి దిగబోతూ లోవమ్మ ఒకసారి వెనక్కి తిరిగి క్రిస్టినా వైపు చూసింది. తల ఆడించింది.

అక్కడి నుంచి చూస్తే నీళ్లకి అవతల కొబ్బరిచెట్ల వరస సన్నగా కనిపించింది. వాటిల్లోనే ఎక్కడో రేవుపాలెం ఉంది. ఎడమో కుడో ఈసారి క్రిస్టినా వేళ్లతో లెక్కేసుకుని మరీ చూసుకుంది.

ఇంటికి పోతుంటే మళ్లీ ముంత కింద పప్పు బండి ఎదురైంది. శ్యాంబాబు రెండు పొట్లాలు కట్టమన్నాడు.

“ఏ ఊరమ్మా?” అన్నాడు బండి ఆయన, క్రిస్టినాని చూసి.

శ్యాంబాబు నోరు తెరిచాడు. క్రిస్టినా వైపు చూసి మూసేశాడు.

“రేవుపాలెం అండీ. ఆ గట్టు,” అంది క్రిస్టినా. “రాజమండ్రి చూడ్డం ఇదే మొదలు. నిప్పు కింద పెట్టకుండా పైన పెట్టారేంటండీ?”

బండి ఆయన గుడ్డతో ముంత పట్టుకుని పైకెత్తాడు. వేడి వేడి కమ్మటి వాసన వచ్చింది. “కింద పెడితే మాడిపోద్దమ్మా. ఇలాగైతే సెగ తగుల్తానే ఉంటాది. మెత్తబడదు. ఏదీ, చెయ్యి పెట్టి చూడు.”

క్రిస్టినా వేళ్ల చివర్లతో తాకి చూసింది. గోరువెచ్చగా ఉంది. ఆ పక్కనే ఇంకో చెయ్యి వచ్చి కుప్పని తాకింది.

“నాకూ తెలీదు,” అన్నాడు శ్యాంబాబు మెల్లగా.