పదకొండు సెకన్ల గిఫ్ట్

స్నిగ్ధా, ఆ రిబ్బన్ మీంచి చెయ్యి తియ్యి తల్లీ! సాఫ్ట్‌వేర్‌లో అంత జీతం తీసుకుంటావు, నేను గిఫ్ట్ ఇస్తే మాత్రం ఒకటో క్లాసు పిల్లవైపోతావు. ముందు మీ బాబాయ్ చెప్పేది విను. విప్పాలో వద్దో తర్వాత నువ్వే తేల్చుకో.

2022 ఫిబ్రవరి. అబుధాబి, బనియాస్. ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంట్ ఫ్రాంక్లిన్ వ్యాన్‌లో కూర్చుని, రోజూ వినే వాయిస్ మెసేజ్‌నే మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఫ్రాంక్లిన్... గిఫ్ట్..."

ఆ తర్వాత పదకొండు సెకన్ల గురగుర. ఆ తర్వాత అదీ లేదు.

అది అతని పార్ట్‌నర్ విజయరత్నం గొంతు. వ్యాక్సిన్ ఫార్ములాలు దొంగిలించే రింగ్‌కి లీడర్ ఒట్టో అనే జర్మన్ మెడికల్ సప్లయర్. అతని దగ్గర డ్రైవర్‌గా చేరిన విజయరత్నం డిసెంబర్‌లో చచ్చిపోయాడు. గుండెపోటన్నారు. క్రిస్మస్ గిఫ్ట్ గురించేదో చెప్పబోయాడని ఆఫీసు ఫైలు మూసేసింది. ఫ్రాంక్లిన్ చెవి మూసుకోలేదు. సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు, ఖాళీ పక్కసీట్లోంచి అదే గురగుర.

ఫోన్ మోగింది. చీఫ్ రాధాకృష్ణ.

"విజయరత్నం శవం వేళ్ళ మీద నీలిమచ్చలు చూసిన నర్సు రేచెల్ రేపు పొద్దున స్టేట్‌మెంట్ ఇస్తోంది. అందాకా ఆమె బతికుండాలి. అంతే."

రేచెల్ బిల్డింగ్ లిఫ్ట్‌లోకి ఫ్రాంక్లిన్ వెనకే మాలతి ఎక్కింది. ఒట్టో సెక్రటరీ, మనవైపు డబుల్ ఏజెంట్. మాస్క్ పైనుంచి ఆ కళ్ళు చూస్తే చాలు, సెక్యూరిటీ వాళ్ళు కార్డు అడగడం మర్చిపోతారు.

"ఫిల్టర్ మార్చాలా?" అంది. కోడ్.

"గ్యాసే అయిపోయింది."

"నిన్న రేచెల్ బాబు బర్త్‌డేకి ఒట్టో ఒక డబ్బా ఇచ్చాడు. వెండి కాగితం. మూత తీస్తే పొడి లేస్తుంది. గంటలో ఖలాస్. వాళ్ళ దేశంలో ఎదురుగానే విప్పుతారట, అరగంట గుమ్మం దగ్గరే కాచుకున్నాడు." ఆగింది. "ఫ్రాంక్లిన్, మీవాడు చెప్పింది ఇంగ్లీషు మాట కాదు. జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం."

లిఫ్ట్‌లో చల్లగాలి ఆగిపోయినట్టయింది.

"అదే మాట హాలండ్‌లో విరాళం," అంది మాలతి. "స్వీడన్‌లో పెళ్ళయినవాడు. అన్నిటికీ మూలం ఒకటే. ఇవ్వడం."

"మనమూ అంతేగా. పిల్లనిస్తాం, మందిస్తాం," అన్నాడు ఫ్రాంక్లిన్. రెండు నెలలుగా చచ్చినవాడు చెవిలో చెబుతూనే ఉన్నాడు, తనకే అర్థం కాలేదు.

మాలతి అటునుంచటే రేచెల్ పనిచేసే హాస్పిటల్‌కి వెళ్ళిపోయింది. రేచెల్ తలుపు తీయగానే ఫ్రాంక్లిన్ ఆ వెండి కాగితం డబ్బా గురించి అడిగాడు.

"విప్పలేదండీ అన్నయ్యా! ఇచ్చినోళ్ళ ఎదురుగా విప్పితే ఆశపోతుల్లా ఉండదూ? మిగతా గిఫ్టుల్తో పాటు బీరువా మీద పెట్టేశా."

"ఇప్పుడేది?"

"తోటి నర్సు యూనిస్‌తో వార్డుకి పంపేశా. ఒట్టో సారు సాయంత్రం ఫ్లైట్‌కి ఎళ్ళిపోతన్నారు కదా, ఫేర్‌వెల్ గిఫ్టు. ఎవరిచ్చిందో చీటీ ఊడిపోయిందండీ..." రేచెల్ తలవంచుకుంది. "పైన పూలకాగితం చుట్టేశాన్లెండి."

ఫ్రాంక్లిన్ మెట్ల మీద దూకుతూ మాస్క్‌లోని మైక్ నొక్కాడు. "మాలతీ! ఒట్టో చేతిలో ఉన్నది ఒట్టో డబ్బాయే!"

వార్డులో పదహారు మంది నర్సులు చుట్టూ చేరి చప్పట్లు కొడుతున్నారు. ఒట్టో రిబ్బన్ లాగేశాడు. బొటనవేలు మూత కిందికి వెళ్ళింది.

మాలతి నవ్వుతూ మూత మీద అరచెయ్యి వేసింది. "మా దగ్గర ఇచ్చినవాళ్ళ ఎదురుగా విప్పితే మర్యాద కాదు సార్. నిన్న రేచెల్ కూడా అందుకే విప్పలేదు."

ఒట్టో కిందికి చూశాడు. చిరిగిన పూలకాగితం కింద వెండి మెరిసింది. బొటనవేలు వెనక్కి లాక్కున్నాడు.

పోలీసులతో పాటు ఫ్రాంక్లిన్ లోపలికొచ్చాడు. "పర్లేదు సార్, విప్పండి. ఉత్త గిఫ్టేగా? పోనీ ఇలా ఇవ్వండి, నేను విప్పుతా."

"విప్పొద్దు!" అని ఒట్టో మూడు భాషల్లో అరిచాడు. అతని స్టేట్‌మెంట్ అక్కడే రాసుకున్నారు.

వ్యాన్ తిరిగొస్తూ సిగ్నల్ దగ్గర ఆగింది. పక్కసీట్లోంచి ఏ చప్పుడూ లేదు. ఫ్రాంక్లిన్‌కి అదే ఎక్కువ భయమేసింది.

చూశావా స్నిగ్ధా? అందుకే ఇచ్చినవాడి ఎదురుగా విప్పకూడదు. ఇంటికెళ్ళాక నింపాదిగా విప్పుకో.

"విప్పక్కర్లేదులే బాబాయ్," అంది స్నిగ్ధ. "పోయినేడు మీ పెళ్ళిరోజుకి నేనిచ్చిన గోడ గడియారమేగా? అప్పుడే బ్యాటరీ వేసి ప్యాక్ చేశా. నీ కథ మొదలైనప్పట్నుంచీ ఒళ్ళో టిక్‌టిక్‌మంటూనే ఉంది."