నాలుగో నిమ్మకాయ

మారతహళ్ళి పాత ఊరి వైపు, రింగురోడ్డు హోరు సగమే చేరే ఒక వీధి చివర శశిధర్ ఇల్లు. తాతల కాలంలో ఆ ఇంట్లో పట్టుమగ్గాలు ఆడేవి. మగ్గాలు పోయాక తండ్రి చిల్లర అంగడి పెట్టాడు. కొడుకు కాలానికి బ్యాటరీలు వచ్చాయి. కరెంటు పోయినప్పుడు కుందలహళ్ళి కంపెనీల్లో కంప్యూటర్లు ఆరిపోకుండా నిలబెట్టే పెద్ద బ్యాటరీలు అమ్మడం శశిధర్ పని. వీడికి బ్యాటరీ మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదని తల్లి లక్ష్మమ్మ ఎగతాళి చేసేది.

అందుకే రెండువేల ఎనిమిది దసరాకు అతను విదేశం నుంచి తెప్పించుకున్న బండిని చూసి వీధిలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఎత్తైన బండి, వానమబ్బు రంగు. పెట్రోలుతోనూ నడుస్తుంది, బ్యాటరీతోనూ నడుస్తుంది. ఎప్పుడు దేనితో నడవాలో అదే చూసుకుంటుంది. మెల్లగా పోయేటప్పుడు ఇంజను ఆగిపోయి బ్యాటరీ ఒక్కటే లాగుతుంది. బ్రేకు వేస్తే చక్రాల ఊపు వృథా పోకుండా మళ్ళీ బ్యాటరీలోకే చేరుతుంది. స్టీరింగు పక్కన చిన్న తెర, అందులో ఇంజను, బ్యాటరీ, నాలుగు చక్రాల బొమ్మలు. బలం ఎటు నుంచి ఎటు పోతోందో పచ్చటి బాణాలు చూపిస్తాయి. ఏడేళ్ళ కూతురు రమ్యకు ఆ బాణాలంటే ప్రాణం. భార్య ఛాయాదేవికి మాత్రం ఒకటి నచ్చలేదు. ఇంత నిశ్శబ్దంగా పోతే వీధిలో ఆవు కూడా తప్పుకోదని అంది. శశిధర్ నవ్వి, చప్పుడు లేకపోవడమే దీని గొప్ప అన్నాడు.

మనం గొప్ప అనుకున్నదే ముప్పుగా తిరగడానికి ఎంతోసేపు పట్టదు.

ఆయుధపూజ నాడు పొద్దున బండిని గేటు ముందు నిలిపి బంతిపూల దండలు కట్టారు. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఆ ఊళ్ళో అందరికీ ఉన్న ఆచారమే. ఈ ఇంట్లో ఆ కాయలు పెట్టేది ఎప్పుడూ నంజప్పే. ఆ ముసలాయన ఒకప్పుడు ఎద్దులబండి తోలేవాడు. ఎద్దులు పోయాక ఈ గేటు దగ్గర కాపలాకు కుదిరి ఇరవై ఏళ్ళయింది. నడుస్తూ నడుస్తూ ఎద్దుల్ని అదిలించినట్టు నాలుకతో ‘ట్చ... ట్చ...’ అనే అలవాటు మాత్రం పోలేదు. కళ్ళు మసక. చెవులు పాముచెవులు. వీధి మలుపులో తిరిగిన బండి ఎవరిదో చప్పుడు విని చెప్పేవాడు. నిమ్మకాయలు పెట్టడంలోనూ చెవులనే నమ్ముకున్నాడు. ముందు చక్రాలకు రెండు, వెనక ఎడమవైపు ఒకటి, ఆఖరిది కుడివైపు వెనక చక్రానికి. ఇంజను గుర్రుమనగానే చెయ్యి లాగేసుకుని పక్కకు జరిగేవాడు. స్కూటరుకూ పాత కారుకూ అలాగే జరిగింది.

ఆ రోజు ఇంజను గుర్రుమనలేదు.

శశిధర్ లోపల కూర్చుని బొత్తాం నొక్కాడు. చుట్టూ చేరినవాళ్ళు బండి స్టార్టయిందా లేదా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమప్పా, తోసేదానికి మేము రావల్లనా అని ఎవరో వేళాకోళమాడారు. చూడండి మరి అన్నట్టు అతను నవ్వి, కాలు మెల్లగా ఆనించాడు. బండి నీళ్ళ మీద పడవలా కదిలింది. మూడు కాయలు చిట్లాయి. నాలుగోది చిట్లలేదు.

నంజప్ప పెద్దగా అరవను కూడా లేదు. "అప్పా" అన్నాడు, అంతే.

నలిగిన చెయ్యి విషమించి, తొమ్మిదో రోజు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ఆయన కొడుకు వెంకటేశప్ప అత్తిబెలెలో ఫ్యాక్టరీ పని చేస్తాడు. శవాన్ని తీసుకుపోయే ముందు ఆ గేటు దగ్గర నిలబడి, ఇది ఎట్లా జరిగిందన్నా అని అడిగాడు. వీధి వీధంతా అక్కడే ఉంది. శశిధర్ నోటికి అబద్ధం తడుముకోకుండా వచ్చింది.

"హారన్ కొట్టినానప్పా, రెండుసార్లు. మీ నాయనకు వినపళ్ళేదు. చెవులు ఎప్పుడో పోయుండాయి, మనమే కనుక్కోలేదు."

పూజ నాటి కంగారులో హారన్ మోగిందో లేదో గట్టిగా చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. పాపం చెవిటి ముసలాయన అని తలా ఒక మాట అన్నారు. వెంకటేశప్ప శశిధర్ మొహంలోకి చూసి వెళ్ళిపోయాడు.

లక్ష్మమ్మ మాత్రం వదల్లేదు. మనవరాలికి పలక మీద తెలుగు అక్షరాలు దిద్దిస్తూ, కొడుకు పక్కన కూర్చోగానే గొంతు తగ్గించి అంది.

"మనిషిని తీసుకుంటివి. అది పొరపాటు. చెవులు కూడా ఎందుకు తీసుకుంటివిరా? నలుగురిలో ఆడింది నలుగురిలోనే కక్కల్ల. లేకుంటే అది బయట నిలబడదు, ఇంట్లోకి వస్తాది."

శశిధర్ విననట్టు లేచిపోయాడు.

ఆ తర్వాత బండి మీద అతని మోజు ఇంకా పెరిగింది. పెరగడానికి కారణం ఉంది. కొత్తలో లీటరుకు పదహారు కిలోమీటర్లు ఇచ్చిన బండి, నంజప్ప పోయిన వారానికి పంతొమ్మిది ఇచ్చింది. దీపావళికి ఇరవై నాలుగు. అంగడికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ముప్పై ఒకటి ఇచ్చిన రోజు మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఏ కంపెనీవాడూ అంత ఇస్తానని చెప్పుకోలేదు. ఊరికే వచ్చే బలం ఉండదు. ఎద్దుదో మనిషిదో, ఎవరిదో ఒకరి భుజం దాని కింద ఉంటుంది.

ఒకరోజు అతను అత్తిబెలెకు బయలుదేరాడు. నిజం చెప్పేయాలనే బయలుదేరాడు. వెంకటేశప్ప ఇంటి ముందు పండ్ల సంచి పట్టుకుని నిలబడేసరికి ఇరుగు పొరుగు చేరారు. వాళ్ళను చూడగానే మళ్ళీ అదే మాట, హారన్ కొట్టినా వినపడలేదనే మాటే, బయటికి వచ్చింది. ఈసారి రెండుసార్లు కాదు, మూడుసార్లు కొట్టానన్నాడు.

తిరుగుదారిలో బండ్లు ఆగిపోయాయి. ముందు లారీ, వెనక బస్సు. సాయంత్రపు ఎండలో దుమ్ము వేలాడుతోంది. కాలు బ్రేకు మీద ఉంది. బండి అంగుళం కదలడం లేదు. తెర మీద ఒక బాణం వెలిగింది. కుడివైపు వెనక చక్రం నుంచి బ్యాటరీ వైపు. మిగిలిన మూడు చక్రాల దగ్గర ఏమీ లేదు. నిలబడి ఉన్న చక్రం నుంచి బలం ఎలా వస్తుంది? వస్తోంది. బ్యాటరీ బొమ్మ మెల్లగా నిండుతోంది.

అప్పుడు వాసన తగిలింది. నిమ్మకాయ వాసన. కోసిన కాయది కాదు, చేతి చెమటలో నలిగిన కాయది.

వెనక నుంచి చప్పుడు...

ట్చ... ట్చ...

ఇంటికి చేరాక చూశాడు. పెట్రోలు ముల్లు బయలుదేరినప్పుడు ఎక్కడ ఉందో అక్కడే ఉంది. హారన్ నొక్కి చూశాడు. మోగలేదు. మర్నాడు సర్వీసు కుర్రాడు వచ్చి నొక్కితే వీధంతా దద్దరిల్లింది. వాడు పోయాక శశిధర్ నొక్కాడు. మోగలేదు.

ఇక బండిని అమ్మేయడమే మేలని నిశ్చయించుకున్నాడు. కొనేవాడు మర్నాడు వస్తానన్నాడు. వాడు వచ్చే ముందురోజు కార్తీక అమావాస్య. ముసురు పట్టి ఉంది. ఆరు కాకముందే వీధిలో కరెంటు పోయింది. బండిలో ఉన్న కాగితాలు తీసుకుందామని శశిధర్ ఇంటి కింద ఉన్న సెల్లారులోకి దిగాడు. అక్కడి నుంచి వీధిలోకి సిమెంటు ఏటవాలు ఎక్కుతుంది. బండి ముక్కు ఆ వాలు వైపు తిరిగి ఉంది. తడి గోడల వాసన, పైనుంచి ఎక్కడో నీటిబొట్టు. టప్... టప్... అతను ఎక్కి తలుపు వేసుకున్నాడు. వేయగానే నీటిబొట్టు చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ బండి లోపలి నిశ్శబ్దం అలాంటిది. కొత్తలో దాన్నే అందరికీ పొగిడి చెప్పాడు.

కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. బొత్తాం నొక్కలేదు. తాళం జేబులోనే ఉంది.

తెర వెలిగింది.

ఒకే బాణం. కుడివైపు వెనక చక్రం.

తలుపు పిడి లాగాడు. రాలేదు. అద్దం దిగలేదు. పక్క అద్దంలోకి చూశాడు. మొదట చీకటే కనపడింది. తర్వాత తెల్లటి గౌను అంచు. చక్రం పక్కన రమ్య గొంతుక్కూచుని ఉంది. అమావాస్యకు దిష్టి తీయడానికి లక్ష్మమ్మ తెచ్చి పెట్టిన నిమ్మకాయ దాని చేతిలో ఉంది. చెయ్యి చక్రం ముందుకు చాచి, కాయను కుదురుగా నిలబెడుతోంది. ఎవరో పక్కనే ఉండి చెబుతుంటే విన్నట్టు, మధ్య మధ్య తల పైకెత్తి చూస్తోంది. కాయను కొద్దిగా జరిపింది. మళ్ళీ పైకి చూసింది.

బండి కదిలింది.

వాలు మీదికి... అంగుళం అంగుళంగా... చప్పుడు లేకుండా.

బ్రేకు తొక్కాడు. రాయిలా బిగుసుకుంది. హ్యాండ్ బ్రేకు లాగాడు. లాగినట్టే ఉంది, బండి పోతూనే ఉంది. అద్దం మీద పిడికిళ్ళతో బాదాడు. నాలుగడుగుల దూరంలో ఉన్న బిడ్డ తిరగలేదు. రెండు అరచేతులూ హారన్ మీద ఆనించి ఒళ్ళంతా బరువు వేశాడు. మోగలేదు.

ట్చ... ట్చ...

చెవి పక్కనే. సీటు వెనకే. నిమ్మకాయ వాసన మొహం మీద ఆవిరిలా తగిలింది.

"కొట్టలేదు నంజప్పా" అన్నాడు. గొంతు గుసగుసకు మించి లేవలేదు. "హారన్ కొట్టలేదు... నీ చెవులు బాగుండాయి... నేనే... బిడ్డను విడిచిపెట్టు..."

బండి ఆగింది.

ఆగిన మరుక్షణం హారన్ మోగింది. అతని చేతులు దాని మీద లేవు. ఆయుధపూజ నాడు మోగాల్సిన చప్పుడంతా ఆ సెల్లారులో మోగినట్టు, గోడలు అదిరేలా, ఆగకుండా మోగింది. ఛాయాదేవి టార్చి పట్టుకుని పరుగున వచ్చేసరికి తలుపు దానంతటదే తెరుచుకుంది. చక్రానికీ రమ్య వేళ్ళకూ మధ్య ఒక్క నిమ్మకాయ మందం ఎడం ఉంది. కాయ చిట్లలేదు. పిల్ల ఒంటి మీద గీత కూడా పడలేదు. ఛాయాదేవి దాన్ని గుండెకు హత్తుకుని, ఏమయిందని భర్తను అడిగింది.

హారన్ విని వాలు దగ్గర అప్పటికి పదిమంది చేరారు. శశిధర్ నుదురు తుడుచుకున్నాడు.

"బ్రేకు జారింది" అన్నాడు.

మూసిన అద్దాల మధ్య చెప్పిన నిజం ఎవరి చెవినీ పడలేదు. పదిమంది ముందు మళ్ళీ అబద్ధమే పడింది. నలుగురిలో ఆడినదాన్ని చాటున దిద్దుకోవచ్చనుకోవడం అతని రెండో పొరపాటు. మొదటిదానికంటే పెద్దది.

అంత హారన్ మోగినా రమ్య ఉలిక్కిపడలేదని ఛాయాదేవికి మర్నాడు గుర్తొచ్చింది. వెనక నుంచి పిలిచింది. పళ్ళెం కింద పడేసింది. పిల్ల తిరగలేదు. చెవుల డాక్టరు రెండు మూడు పరీక్షలు చేసి, చెవుల్లో ఏ లోపమూ లేదన్నాడు. లోపం లేని చెవులకు ఎందుకు వినపడదని అడిగితే, ఇలాంటిది తాను చూడలేదన్నాడు.

శశిధర్ ఆ ఆదివారమే వెంకటేశప్పను పిలిపించాడు. వీధిలో ప్రతి తలుపూ తట్టి అందరినీ గేటు ముందుకు రమ్మన్నాడు. బంతిపూల మధ్య బండి నిలబడిన చోటే నిలబడి, ఆ రోజు తాను హారన్ కొట్టలేదని చెప్పాడు. అత్తిబెలెలో చెప్పింది కూడా అబద్ధమేనని చెప్పాడు. లక్ష్మమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

వెంకటేశప్ప వంగి, తండ్రి చెయ్యి నలిగిన చోట నేలను తాకి లేచాడు. "మా నాయన చెవుల సంగతి నాకు తెలుసన్నా" అన్నాడు. "ఎప్పుడు చెప్తావో అని చూస్తాంటి. ఆలస్యం చేస్తివి."

బండి అప్పటికి వేరేవాళ్ళ ఇంటికి పోయింది. సెల్లారు ఖాళీగా ఉంది. శశిధర్ ఇంట్లోకి పరుగున వచ్చాడు. రమ్య గడప దగ్గర పలక పెట్టుకుని కూర్చుని ఉంది. అతను వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. తిరగలేదు. పేరు పెట్టి పిలిచాడు. తిరగలేదు. అతను అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్యాను కూడా తిరగడం లేదు.

రమ్య తల ఎత్తింది. సెల్లారు మెట్ల వైపు చెవి ఒగ్గి కాసేపు విన్నది. "ఆఁ... వస్తాండా" అంది, లేవబోయింది.

శశిధర్ దాని చెయ్యి పట్టుకుని ఆపాడు. బలపం తీసుకుని, వంకర టింకరగా, ఎవరు పిలిచారని రాశాడు. పిల్ల కూడబలుక్కుని చదివింది. అరచేత్తో తుడిచేసింది. ఆ చెయ్యి మొహం దగ్గరికి వచ్చినప్పుడు నిమ్మకాయ వాసన కొట్టింది. నాయనమ్మ నేర్పిన గుండ్రటి అక్షరాలతో, నెమ్మదిగా, తిరిగి రాసి అతని వైపు తిప్పింది.

"నీకు వినపడదా నాన్నా?"