బాపు చూసిన మబ్బుల పడవ

సినిమా మొదలై గంట అయినా పడవ ఎగరలేదు.

లత టీవీ ముందు మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. మొదటి ‘మబ్బుల పడవ’లో ఒక ముసలాయన, ఒక పాప ఆకాశంలో తెడ్డు వేసుకుంటూ పోయారు. చుక్కలు చేపల్లా పడవ పక్కనే ఈదాయి. ఈ రెండో భాగంలో పడవ ఇనుముదైంది. అందరూ అరుచుకుంటున్నారు. నడుమ నడుమ ప్రకటనలు.

తలుపు దగ్గర స్టూలు మీద లత నాన్న ఉన్నాడు. లత ఆయన్ను బాపు అంటుంది. ఆయన పనిచేసే, బట్ట నేసే సాంచాల కార్ఖానాలో ఒకాయనకు కరోనా వచ్చింది. అందుకే ఎనిమిది రోజులు దూరంగా కూర్చోమంది అమ్మ. ఇంట్లో కూడా అందరికీ మాస్కులే.

"ముక్కు మీదికి గుంజుకో," అని అమ్మ మాటిమాటికీ గుర్తుచేస్తోంది.

సాంచాల చప్పుడుకు బాపు చెవులు మందగించాయి. కార్ఖానాలో అందరూ పెదవులు చూసి, చేతి సైగలు చూసి మాట్లాడుకుంటారు. ఇంట్లోనూ బాపు లత పెదవులే చూసేవాడు. ఇప్పుడు మాస్కు వెనుక అవి కనబడటం లేదు.

రెండేళ్ల కింద మొదటి భాగానికి వెళ్లినప్పుడు, లత బాపు ఒళ్లో కూర్చుని ప్రతి మాటా ఆయన చెవిలో చెప్పింది. తర్వాత లాక్‌డౌన్‌లో ఇద్దరూ మంచం ఎక్కి చీపురుతో తెడ్డు వేసేవారు. ఆ ఆటలో, వాళ్లుండే లింబాయత్ గల్లీ కిందనే ఉండిపోయేది. మంచం రేకుల కప్పుల మీదుగా, తాపీ నది మీదుగా, మెల్లగా సముద్రం దాకా పోయేది.

బాపు చెయ్యి తిప్పాడు. సినిమాలో ఏమంటున్నారని సైగ.

లతకు ఏడుపు వచ్చేలా ఉంది. రెండు చేతులూ అడ్డంగా ఊపింది. సాంచె ఆగిపోయిందనడానికి బాపు నేర్పిన సైగ అది. తర్వాత ఇక అటు తిరగలేదు.

సినిమా అయిపోయాక అమ్మ బాపు పళ్లెం గడప దగ్గర పెట్టి వెనక్కి జరిగింది.

"బేకార్ సినిమా," అంది లత గట్టిగా.

"గట్లనా?" బాపు మాస్కు దించి అన్నం కలిపాడు. "ముసలాయన పడవ ఎందుకు ఇడిసిపెట్టిండు బిడ్డా? ఆఖరికి గా పిల్ల ఎందుకు నవ్వింది?"

అమ్మ గొంతు పెంచింది. "ఏం సమజ్ కాకుంటనే గంతసేపు జూసినవా?"

"బిడ్డ తర్వాత చెప్తదనుకున్న," అన్నాడు బాపు.

లత చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

తినడం అయ్యాక గది మధ్యకు వచ్చి నిలబడింది.

"దూరం," అంది అమ్మ.

"ఈడికెళ్లే చెప్త అమ్మా."

లత చేతిని అటూ ఇటూ ఆడించింది. సాంచె మళ్లీ నడుస్తోందని సైగ. బాపు కళ్లు పెద్దవయ్యాయి. లత నడుం వంచి ముసలాయన అయింది. ఆయాసపడింది. తెడ్డు పట్టలేక చేతులు వణికించింది. అందుకే పడవ పాపకిచ్చి దిగిపోయాడు. బాపు తల ఊపాడు.

మరి పాప ఎందుకు నవ్వింది? లతకు తెలియలేదు. ఆ సీను వచ్చినప్పుడు తను కోపంగా గోడ వైపు చూస్తూ ఉంది. భుజాలు ఎగరేసి, నువ్వే చెప్పమని బాపు వైపు వేలు చూపింది.

బాపు స్టూలు మీద ముందుకు వంగాడు. తర్వాత గాలిలో తెడ్డు వేసి, లతను చూపించాడు. ఇప్పుడు తెడ్డు పాపదే కదా, అందుకే నవ్వింది.

లత మూలనున్న చీపురు తెచ్చింది. రెండుసార్లు తెడ్డు వేసి, దాన్ని నేల మీదుగా బాపు వైపు తోసింది.

బాపు చీపురు అందుకుని కాళ్లు రెండూ స్టూలు మీదికి ఎత్తుకున్నాడు. కింద మబ్బులున్నాయి మరి.